హైదరాబాద్ బాబాయి

ఏప్రిల్ 30, 2023, ఆదివారం. మధ్యాహ్నం 2

నల్లగొండ చెస్ క్లాసులో వెంకటేశ్ సార్ ఒక పొజిషన్ పెట్టి, తెల్లపావులు ఎలా గెలుస్తాయని అడిగారు. ఇరవై మందిమి ఉన్నాం. ఎవరికీ అందలేదు. నాకు కనిపించింది. క్వీన్‌ను ఇచ్చేస్తే నల్ల రాజు తీసుకోక తప్పదు. వెనకే రూక్ వస్తుంది. గుర్రం దారులు మూసేసి ఉంది. మేట్! చెప్పాను. అందరూ చప్పట్లు.

ఎవరు నేర్పారని సార్ అడిగారు. అప్పుడే అమ్మ నన్ను తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. దవాఖానలో వార్డులు ఊడ్చి, ఆ యూనిఫాం చీరతోనే వచ్చింది. ముందు బెంచీలో శైలజ ఆ చీర వైపే చూస్తోంది.

మా హైదరాబాద్ బాబాయి సార్, ఇంజనీర్, అన్నాను.

నాకు బాబాయే లేడు. నేర్పింది అమ్మ. చిన్నప్పుడు హాస్టల్లో వార్డెన్ దగ్గర నేర్చుకుందట. గుమ్మంలో ఉన్నది ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం 6

నకిరేకల్ బస్సులో అమ్మ ఒక్కటే అడిగింది. "ఆకలైతాందా గ్రేస్?"

లేదన్నాను. అవుతోంది.

మే 4

నాలుగు రోజులుగా అమ్మ ఇంట్లో చెస్ బోర్డు తీయడం లేదు. పనున్నదంటుంది.

మే 7, ఆదివారం

నిజం చెప్పాలని సార్ దగ్గరికి వెళ్లాను. వచ్చే వారం క్లాసు ఎన్నింటికని అడిగి వచ్చేశాను. థూ.

మే 14, ఆదివారం

అమ్మ ఈసారి గేటు బయటే ఆగింది. మండే ఎండ. సార్ చూసి లోపలికి పిలిచి కుర్చీ వేశారు. గ్రేస్ వాళ్ల అమ్మనని తనే చెప్పుకుంది. మీకూ చెస్ వచ్చా అని సార్ అడిగితే నా ముఖంలోకి చూసింది.

"మాకేం తెల్వది సార్. గిదంతా పిల్లకు బాబాయి నేర్పిండు" అన్నది.

నా అబద్ధం అమ్మ నోట విన్నాను. అబద్ధమాడితే నన్ను కొట్టే అమ్మ.

లేచి నిలబడ్డాను. బాబాయి లేడు సార్, నేర్పింది అమ్మే, అన్నాను. ఏడుపొచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. సార్ అమ్మ ముందు పావులు పేర్చి ఆడమన్నారు. అమ్మ ఓడిపోయింది. కానీ సార్‌కి గంట పట్టింది.

బస్సెక్కాక తిట్టింది. "నలుగుర్ల నన్నెందుకు నిలవెట్టినవే? గా దినం బాధయింది. ఇయ్యాల సిగ్గయింది."

మే 15

అమ్మ బోర్డు తీసింది. తొందరపడి క్వీన్‌ను పోగొట్టుకున్నాను. ఆ ఒక్క ఎత్తూ వెనక్కి ఇమ్మన్నాను.

ఇవ్వలేదు.