ఎండిన గడ్డిలో ఊరు

ఆల్విన్,

కొండ కింద ఉన్న గొర్రెల బీడును వచ్చే వారం ట్రాక్టరు పెట్టి దున్నిస్తానన్నావు. కాస్త ఆగు. ఎందుకో చెబుతాను.

పల్లెల మీదుగా నడక యాత్రకు వచ్చినవాళ్లను నిన్న ఎప్పటిలాగే చర్చి దగ్గర నుంచి కొండమీదికి తీసుకెళ్లాను. పైన కూర్చుని టీ తాగుతుంటే పార్గెటర్ గారనే పెద్దావిడ కిందికి చూపిస్తూ, "ఆ ఊరి పేరేమిటమ్మా?" అని అడిగారు.

"అక్కడ ఊరేం లేదండీ, అది మా తమ్ముడి బీడు" అంటూ అటు తిరిగాను. టీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

వానల్లేక గడ్డి ఎండిపోయింది కదా, నేలలో పాత గోడలున్నచోట అది మరీ తెల్లబడింది. వీధి, ఇళ్లు, గుమ్మాలు, గుండ్రటి బావి, అన్నీ ముగ్గు గీసినట్టు కనిపించాయి. ప్లేగులో పోయిందని నాన్న చెప్పే ఊరు అదే. ఇన్ని వందల ఏళ్లూ మన గొర్రెల కాళ్ల కిందే ఉంది.

దిగి అక్కడికి వెళ్లాం. నేను చెప్పకుండానే అందరూ గోడల గీతలు తొక్కకుండా వీధిలోనే నడిచారు. పార్గెటర్ గారు ఒక గుమ్మం ముందు ఆగి, బూట్ల దుమ్ము తుడుచుకుని, "లోపలికి రావచ్చా?" అని మెల్లగా అడిగారు. ఎవరూ నవ్వలేదు. పొద్దున్నుంచి జోకులేస్తున్న ఆవిడ భర్త టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గురువారం వాన పడుతుందట. పడితే అంతా పచ్చబడి మాయమైపోతుంది. ఈలోపే రా. చూశాక కూడా దున్నాలనిపిస్తే దున్నుకో. నీకు మనసొప్పదని నాకు తెలుసు.

నీ అక్క