పనిచేసిందని రాశావు

డులూత్, ఫిబ్రవరి 11

ప్రియమైన ఒరిన్,

ఇంటికప్పు మీది మంచు దింపబోయి నువ్వు నిచ్చెన మీంచి పడి, తలకి దెబ్బ తగిలించుకుని ఏడు వారాలైంది. డాక్టరు నిన్ను స్క్రీన్ ముఖం చూడొద్దన్నాడనీ, ఫోనులో మాట్లాడినా నీకు తల తిరుగుతోందనీ మీ అక్క మర్నా చెప్పింది. అందుకే ఈ కాగితం.

చెప్పకూడదనుకున్నాను గానీ నావల్ల కావడం లేదు. కోడ్ రాసుకునే ఎడిటర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. నీటిపక్షి పేరు పెట్టుకున్న మన ప్లగిన్, లూన్, అందులో తెరుచుకోవడం లేదు. పదహారేళ్లుగా కోడ్ నువ్వు రాశావు, దాన్నెలా వాడాలో నేను రాశాను. పెద్ద ఆఫీసుల దస్తావేజులు దాచే అప్లికేషన్లు కట్టేవాళ్లంతా మన ప్లగిన్‌ని ఉచితంగా దించుకుని, తప్పులు ముందే పట్టుకుని సుఖపడ్డారు. ఇప్పుడు నా మీద పడ్డారు. "అమ్మా, అసలు బతికే ఉన్నారా? మా పని ఆగిపోయింది" అని ఒకడు రాశాడు. టూసాన్‌లో ఉండే డెలోరిస్ ఒక్కతే "ఆయనకెలా ఉందండీ?" అని అడిగింది.

కోడ్ తెరిచాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. దస్తావేజు రకాల జాబితాని లూన్ ఎక్కణ్నుంచి చదువుతుంది? తోచినంత చెప్పు.

నీ వెర్నా

బెమిడ్జి, ఫిబ్రవరి 20

ప్రియమైన వెర్నా,

నేను చెబుతుంటే మర్నా రాస్తోంది. "నాకు రాని భాష నా చేత రాయిస్తున్నాడు, తప్పులుంటే నన్ననొద్దు" అంటోంది.

మొదటి ఫోల్డర్‌లో చిన్న ఫైలు ఒకటుంటుంది. అందులో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టు. తర్వాత అంతా మళ్లీ కట్టు. అంతే!

పడ్డప్పట్నుంచి నన్నెవరూ ఏమీ అడగలేదు, మాత్ర వేసుకున్నావా అని తప్ప. ఇంకా ఉంటే అడుగు.

నీ ఒరిన్

డులూత్, మార్చి 3

ప్రియమైన ఒరిన్,

పనిచేసింది! డెలోరిస్ నీకు వెయ్యి దండాలు పెట్టింది. ఇప్పుడు లూన్‌లో వెతికే కిటికీ ఖాళీగా వస్తోంది. తొందరేం లేదు, రోజుకి కాస్త కాస్త ఆలోచించు.

నీ వెర్నా

బెమిడ్జి, మార్చి 15

ప్రియమైన వెర్నా,

ఈసారి జవాబు నాలుగు పేజీలు చెప్పాను, విడిగా జతచేశాం. మర్నా చేయి నొప్పంటోంది. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని మరీ కూర్చుంటున్నాను. అడుగుతూ ఉండు.

నీ ఒరిన్

బెమిడ్జి, ఏప్రిల్ 28

ప్రియమైన వెర్నా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

రోజుకి పది నిమిషాలు స్క్రీన్ చూడొచ్చన్నారు. ముందు మన లూన్ పేజీయే తెరిచాను. పైనే నీ ప్రకటన: "లూన్ పని ఆగిపోయింది. కోడ్ కావాలన్నవాళ్లు తీసుకుని నడుపుకోండి." తేదీ ఫిబ్రవరి 2. నాకు మొదటి ఉత్తరం రాయడానికి తొమ్మిది రోజుల ముందు.

మర్నాని నిలదీశాను. "వాడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడే, ఏదో ఒకటి అడుగు అని వెర్నాకి నేనే ఫోను చేశాను" అంది.

నేను చెప్పినవన్నీ ఆమె ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత నీ ఉత్తరంలోకి ఎక్కించేది. తీసి చదివాను. ఒక పేజీలో ఒకే వాక్యం అయిదుసార్లుంది. లేని ఫైళ్ల పేర్లున్నాయి. మన పక్షి తలుపు తియ్యమని ఒకచోట చెప్పానట. అలాంటివి చదివి కూడా నువ్వు పనిచేసిందని రాశావు.

కోపం వచ్చింది. ఫోను తీశాను కూడా. నిన్ను తిట్టడానికి ఒక్క మాటా తట్టలేదు. తర్వాత కోడ్ తెరిచాను. ప్రతి వరుస చివరా నా పేరే ఉంది. ఒక్కటీ నాకు తెలియలేదు. ఎవరింట్లోకో పొరపాటున వెళ్లి నిలబడ్డట్టుంది. ఇదంతా నాకు మళ్లీ వస్తుందా అని డాక్టర్ని అడిగితే కిటికీ వైపు చూశాడు.

ఆదివారం రా. లూన్ గురించి ఏమీ అడగకు. నేను మాట మధ్యలో ఆగిపోతాను. అప్పుడు నువ్వు అందించకు, తెలిసినా సరే. ఎంతసేపైనా అలాగే కూర్చో.

ఒరిన్