ఏడాది తిరగని ఇంట్లో దీపాలు

దీపావళి, 1998. కొండాపూర్.

నా భార్య సుజాత పోయి ఏడు నెలలు. ఏడాది తిరిగేదాకా మా ఇంట్లో పండుగ చెయ్యకూడదు. కొత్త ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అందుకే మేనేజర్, లండన్ నుంచి వచ్చిన హెలెన్‌కు దీపావళి చూపించమని నాకే అప్పగించాడు.

సాయంత్రం ఆమె ప్రమిదలు తానే కొనితెచ్చి, మా ఇంటి గడప మీద వెలిగించింది. ఎదురింటి యాదమ్మ చూసింది.

"అక్క పోయి ఏడాదన్న గాలే. గప్పుడే పండుగేంది సార్?"

ఏమంటోందని హెలెన్ అడిగింది. పండుగ శుభాకాంక్షలు చెబుతోందన్నాను. హెలెన్ చేతులు జోడించి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, "మీక్కూడా అమ్మా" అంది. యాదమ్మ తలుపు వేసుకుంది.

తరువాత హెలెన్ మా ఆవిడ ఏదని అడిగింది. పుట్టింటికి వెళ్లింది, ఆదివారం వస్తుందన్నాను.

ఆమెను చూడటానికి ఆదివారం మళ్లీ వస్తానంది.