ముందు నూలేందో చెప్పు

ఏమండీ,

ఎలా ఉన్నారని అడగను. అడిగినా మీరు ఏనాడూ సరిగ్గా చెప్పింది లేదు. మీరు వెళ్లి ఏడాది దాటింది. మన నవాగామ్ వాడలో మాస్కులు గడ్డాల కిందికి దిగాయి. ఖటోదరాలో మీరు నేత మాస్టరుగా చేసిన కార్ఖానాలో మరమగ్గాల సాంచాలు మళ్లీ ఆడుతున్నాయి.

మీ దోస్తు మల్లేశం ఊరి నుంచి తిరిగొచ్చాడు. ఆసుపత్రిలో మీ పక్క మంచం వాడే... బతికి వచ్చాడు. వచ్చీ రాగానే వాడ చివర టీ బండి దగ్గర ఏమని చాటుతున్నాడో తెలుసా? చివరి రోజున మీరు ఓటమి ఒప్పుకున్నారట!

ఆ అమెరికా పరుగుల వీరుల మీద మీ ఇద్దరి పందెమే. మన గోడ మీద మీరు అంటించిన బొమ్మలోని పాత కాలపు వాడు గొప్పా, మల్లేశం టెంపో అద్దం మీది కొత్త వాడు గొప్పా అని ఇద్దరూ ఎన్నేళ్లు కొట్లాడుకున్నారు! ఓడినవాడు టీ తాగించాలి. కొత్త వాడి టైము తక్కువని మల్లేశం అంటే, మీది ఒకటే మాట.

"ముందుగాల నూలేందో చెప్పు, ఎన్క మీటర్లు చెప్పు. టెంపో నడిపెటోనికి గా సంగతి ఏమెరుకరా?"

పాత వాడు పలచని బూట్లతో బూడిద పోసిన బాట మీద పరుగెత్తాడు. కొత్త వాడికి రబ్బరు బాట, ఎగరేసే బూట్లు, బాట అంచున ముందు పరుగెత్తుతూ వేగం చూపే దీపాలు. ముతక నూలుతో నేసిన వాడినీ పట్టుదారంతో నేసిన వాడినీ ఒకే మీటరుతో కొలుస్తారా? ఇది మీ న్యాయం. నాకూ సబబుగానే తోచేది.

అలాంటి మీరు ఒప్పుకున్నారా? నేను నమ్మలేదు. ఆసుపత్రి వాళ్లను మాత్రం నమ్మానా? రోజూ ఫోన్‌లో అదే గొంతు, అదే మాట... స్పృహలోనే ఉన్నారని. ఎవరు చూశారు? నన్ను గేటు దాటనిచ్చారా?

"నీకు ఉప్పు మీద గూడ అనుమానమేనే" అనేవారు. అవును, అనుమానమే.

మల్లేశాన్ని పిలిపించి కూర్చోబెట్టాను. మీరు ఏ మాటతో ఒప్పుకున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ముక్కు మీద ఆ గొట్టాల మాస్కుతో మీకసలు మాటే రాలేదట. కొత్త వాడి టైము తను చెప్పగానే మీరు చెయ్యి పైకెత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో నలిపినట్టు చూపించారట. పైసలన్నమాట, టీ డబ్బులిస్తానని ఒప్పుకున్నట్టే కదా అని వాడి లెక్క.

నా కొంగు అంచును నేనూ అలాగే నలిపి చూశాను...

ఎన్ని వేల నూలు పోగులను అలా నలిపి చూశారండీ మీరు! పెళ్లిలో నా చీర కొంగును కూడా అలాగే నలిపి చూశారు కదా. మా అమ్మ నవ్వింది, నాకు కోపం వచ్చింది.

మీరు పైసలు చూపించలేదు. నూలేందని అడిగారు. అంటే మీకు స్పృహ ఉంది. ఆ ఫోన్ గొంతు నిజమే చెప్పింది. ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నాను...

విషయం చెబితే మల్లేశం తల వంచుకుని ఏడ్చాడు. టీ పెట్టి ఇచ్చాను. పందెం టీ కాదని ముందే చెప్పి మరీ ఇచ్చాను.

గోడ మీద పాత వాడి అంచులు లేస్తున్నాయి. రేపు మైదా ఉడికించి మళ్లీ అంటిస్తాను. మల్లేశం ఎన్ని టైములు చెప్పినా, నూలేందో చెప్పేదాకా ఒప్పుకోను.

మీ
సరోజన