కరగని బెల్లం

బాపూ,

నువ్వు పోయినంక ఇన్నేండ్లకు, ఇయ్యాల మా కాలేజి ల్యాబుల నీకెక్కిచ్చిన కీమో మందే ఇచ్చిన ఎలుకది, నోట్లె నీళ్లూరిచ్చే గ్రంథిని మైక్రోస్కోపుల చూసిన. మందియ్యని ఎలుకది పాలుపోసుకున్న జొన్నకంకి లెక్క నిండుగున్నది. మందిచ్చినదాంట్ల గింజలన్ని ముడుసుకపోయినయి.

భూపాలపల్లి గనిలకెంచి పైకి రాంగనే, గొంతుల బొగ్గుదుమ్ము దిగాలని బెల్లంముక్క నోట్లె ఏసుకునేటోనివి. కీమో మొదలైనంక అదే ముక్కను అరచేతుల ఊంచి చూపెట్టినవ్.

"గిది కరుగుతలేదేంది బిడ్డా?"

కల్తీబెల్లం అమ్మిండని అమ్మ పోయి దుకాణపాయనతోని కొట్లాడొచ్చింది.

కంటికి కనబడని గా గింజలు ఇంత పని చేస్తయని ఎవలికెరుక బాపూ? ఇంటికొచ్చి బెల్లంముక్క నాలిక మీద పెట్టుకోని ఊకె కూసున్న. నేనేం చెయ్యలే. అదంతట అదే కరిగిపోయింది.