చెయ్యి తిరగనివాళ్ళ గిటారు

జూలై 12, ఆదివారం

అన్నయ్యకు,

నువ్వు మనుషుల చేతులు విరగ్గొట్టావు. కర్ర పట్టుకోలేదు, గొంతు పెంచలేదు. నీ కొట్లో గాజుబీరువాల మధ్య నిలబడి, నవ్వుతూ, భుజం తట్టి మరీ విరగ్గొట్టావు. ఆ సంగతి నీకు తెలుసు. నాకు తెలిసిపోయిందని మాత్రం నీకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

కుశలప్రశ్నలు ముందు రాయాలి. ఈసారి కాస్త వెనకబడ్డాయి, ఏమనుకోకు. నేను బాగున్నాను. యూనియన్ పత్రిక పని ఎప్పటిలాగే నెత్తిమీద ఉంది. నువ్వే బాగాలేవని వదిన ఫోన్ చేసి చెప్పింది. మణికట్టు పట్టేసిందని క్లాసులు మానేశావట. ఎముకల డాక్టరు చుట్టూ తిరుగుతున్నావట. ఎక్స్‌రేలో ఏమీ కనబడక ఆయనే తల గోక్కుంటున్నాడట. నీ జబ్బుకు మందు నా దగ్గరుంది, ఇందులోనే రాస్తున్నాను. కాకపోతే అడుగున రాస్తాను. నేను నిన్నెరుగుదును. ముందే ఇస్తే మిగతాది చదవకుండా చింపేస్తావు.

గిటారు కొనడానికి నేను నీ కొట్టుకు వచ్చిన రోజు గుర్తు చేసుకో. సొంత అన్న వాయిద్యాల కొట్టు పెట్టుకుని కూర్చుంటే పరాయివాడి దగ్గర కొనడమేమిటని వచ్చాను. నన్ను గుమ్మంలో చూడగానే, లౌడ్‌స్పీకర్ ఇటు వచ్చిందేమిటి, చందాల కోసమా, అన్నావు. గిటారు కావాలన్నాను. కొట్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వావు. ఈ వయసులో నీకెందుకే ఈ సరదా, మీటింగుల్లో చేసే చప్పుడు చాలదా, అన్నావు. నేర్చుకోవాలని ఉంది అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆ చెప్పని ముక్క ఇప్పుడు రాస్తాను. నాన్న నీకు పాఠం చెబుతుంటే నేను తలుపు పక్కన కూర్చుని, నీ వేళ్ళు చూస్తూ గడప మీద నా వేళ్ళు ఆడించేదాన్ని. దానికి చెయ్యి లేదులే అని నాన్న ఒకసారి నీతో అన్నాడు. నాతో కాదు, నీతో. ఒక్కసారి చేతికిచ్చి చూడకుండానే అన్నాడు. ఇన్నేళ్ళు ఉద్యోగం చేశాను, సమ్మెలు చేయించాను, మంత్రులను ఏకిపారేస్తూ సంపాదకీయాలు రాశాను. ఆ మాట మాత్రం చెవిలో చీమలా తిరుగుతూనే ఉంది. నాకు చెయ్యి ఉందో లేదో నేనే చూసుకోవాలి. నీ కొట్టుకు వచ్చింది అందుకు.

గోడకు వేలాడుతున్న గిటారొకటి చూపించాను. నువ్వు దాన్ని ముట్టుకోనివ్వలేదు. అవి చెయ్యి తిరిగినవాళ్ళకి అన్నావు. వెనక గదిలోకి వెళ్ళి ఒక ఎర్ర గిటారు తెచ్చావు. కొత్తవాళ్ళకి ఇదే సరైంది, చెయ్యి ఉంటే పలుకుతుంది, లేకపోతే పలకదు, వాయిద్యం అబద్ధం చెప్పదమ్మా, అన్నావు.

అది చెప్పినన్ని అబద్ధాలు నేను యాజమాన్యాల ప్రకటనల్లో కూడా చూడలేదు. తీగ మీద వేలు పెట్టి ప్రాణం పోయేలా నొక్కినా కిందిదాకా దిగేది కాదు. దిగిన పూట మూకుడు మీద గరిటె పడ్డట్టు ఒక చప్పుడు. వేళ్ళ కొసలు చిట్లాయి, మానాయి, మళ్ళీ చిట్లాయి. ఒక వేలు చీము పట్టింది. చోద్యం ఏమిటంటే, లోకంలో ప్రతిదానికీ తప్పు వ్యవస్థదేనని వారం వారం రాసే నేను, గిటారు పలక్కపోతే మాత్రం తప్పు నా వేలిదే అనుకున్నాను.

ఆసుపత్రిలో నా వేలికి కట్టు కట్టిన నర్సు ఆ కొసలు చూసి, గిటారా మేడమ్, అంది. అవునన్నాను. ఎర్రదా, అంది. నేను నోరు తెరిచాను. తీగలు మేడ మీద ఉంటాయి, మనం వీధిలో నిలబడి నొక్కాలి, అదే కదూ, అంది. సెలవు రోజున మా ఇంటికి వచ్చి గిటారు తిరగేసింది. మెడ చివర వెనకవైపు గులాబీరంగు గోళ్ళరంగు చుక్క ఒకటుంది. అంతకుముందు నీ దగ్గర ఆ గిటారు కొన్నది తనేనట, హాస్టల్లో ఇంకెవరి గిటారుతోనో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తట అది. పలకడం లేదని నీ దగ్గరికి తెస్తే, నీ వేళ్ళు సూదుల కోసం పుట్టాయి తల్లీ, అని నువ్వు ఎంతో ప్రేమగా చెప్పి వెనక్కి తీసుకున్నావట. కోప్పడినా బాగుండేది మేడమ్, ఆ ప్రేమకే ఏడుపొచ్చింది, అంది.

తర్వాత నర్సును వెంటబెట్టుకుని దాన్ని మా ఆఫీసుకు పట్టుకెళ్ళాను. యూనియన్‌లో ఒక బస్సు డ్రైవరున్నాడు, మా పత్రికకు వ్యంగ్యం రాస్తాడు. గోడకు ఆనించిన గిటారును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇది ఇక్కడికెలా వచ్చిందక్కా, దీనికీ నాకూ పాత పగ, అన్నాడు. స్టీరింగు తిప్పి తిప్పి మణికట్లు మొద్దుబారాయి, సంగీతం వాటికి ఎక్కదు అని చెప్పి, అతని దగ్గరా దీన్ని వెనక్కి తీసుకున్నావట. ఇంట్లో భార్య ఇప్పటికీ, ఏమండీ గిటారు విద్వాంసుడుగారూ, పప్పు కలపగలరా లేక అదీ మొద్దుబారిందా, అంటుందట. చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ముగ్గురం కలిసి తీగలు వదులు చేశాం. కింద తీగలు ఆనే తెల్లటి పలక ఉంటుందే, దాన్ని నర్సు పట్టకారుతో పైకి లాగింది. దాని అడుగున, గాడిలో, తలలు గిల్లేసిన అగ్గిపుల్లలు రెండు వరసగా పడుకుని ఉన్నాయి. అవి అక్కడ పుట్టవు అన్నయ్యా. ఎవరో ఓపిగ్గా కొలిచి పెట్టాలి. తీసేసి, తీగలు బిగించి, నర్సు ఒక వేలు ఆనించింది. గిటారు పలికింది. డ్రైవరు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంటే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట, అన్నాడు.

నువ్వేమంటావో నాకు తెలుసు. మీ ఇంట్లో భోజనాల దగ్గర వదిన ముందే ఒకసారి అన్నావు. కష్టమైనదాని మీద మొదలుపెట్టిస్తే తాలు పోయి గింజ మిగులుతుంది, అని. నువ్వు డబ్బు కోసం చేసి ఉంటే దొంగవని తిట్టి ఊరుకునేదాన్ని. దొంగను బాగుచెయ్యొచ్చు. నువ్వు దీన్ని న్యాయమని నమ్ముతున్నావు. జల్లెడ పట్టే హక్కు నీకు పుట్టుకతో వచ్చిందనుకుంటున్నావు. లోకంలో గుమ్మాల దగ్గర కూర్చున్నవాళ్ళంతా ఇదే మాట అంటారు: మేం ఎవరినీ ఆపలేదు, వాళ్ళకే అర్హత లేదు. గడప ఎత్తు పెంచింది ఎవరని అడిగితే వినబడనట్టు ఉంటారు.

సరే, నీ గడప సంగతి చూద్దాం. నీ మొదటి గిటారు నాన్న ఎలా ఇచ్చాడు? కొత్త పలకను ఆకురాయితో అరగదీసి, తీగలు కిందికి దించి, చిన్నపిల్లాడి వేళ్ళు నొచ్చుకుంటాయని మెత్తటి తీగలు ఎక్కించి ఇచ్చాడు. ఆ అరగదీత చప్పుడు నేను విన్నాను. తలుపు పక్కనే కదా నా చోటు. నీకు తివాచీ పరిచారు. నువ్వు నడిచావు. నడిచి, ముళ్ళలో నిలబడ్డవాళ్ళకు నడక రాదని తీర్పు చెబుతున్నావు. నీ సంగీతం మీద నాకు గౌరవం ఉంది. నీ తీర్పు మీద చెప్పు విసరాలని ఉంది.

ఇక మందు.

మా యూనియన్ వార్షికోత్సవానికి నిన్ను ముఖ్య అతిథిగా పిలిచింది నేనే. చెల్లెలికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకుని వచ్చావు. నర్సు నిన్ను పక్క గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సంగీతం గురించి ప్రశ్నలు వేసింది. ఆమెను నువ్వు గుర్తుపట్టలేదు. నీకు గింజలే గుర్తుంటాయి. ఆ లోపల నేనూ డ్రైవరూ కలిసి నీ గిటారు పలక కింద పుల్లలు పెట్టాం. నీ అంత చెయ్యి తిరిగినవాడికి రెండు చాలవని నాలుగు పెట్టాం. టీకప్పు కడిగే వంకతో బయటికి వచ్చి తీగలు మళ్ళీ శ్రుతి చేసింది నర్సే. ఆమె చెవిలో ఏ లోపమూ లేదని నీకిప్పటికైనా తెలియాలి.

వేదికెక్కి మొదలుపెట్టావు. మొదటి వరస తడబడింది. రెండోది ముక్కలైంది. నువ్వు ఆగి, చెయ్యి విదిలించి, నవ్వబోయి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగావు. నేను ముందు వరసలో కూర్చుని కళ్ళార్పకుండా చూశాను. జాలి పడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. పండగలా ఉంది నాకు. ఒంట్లో బాగాలేదని మైకులో చెప్పి దిగిపోయావు.

ఇప్పుడు ఆలోచించు. నడక నేర్చిన నాటి నుంచి గిటారు పట్టినవాడివి. తీగలు లేచాయేమోనని ఒక్కసారి వంగి చూడాలని నీకు తోచలేదు. ముందు నీ చేతినే అనుమానించావు. డాక్టరు దగ్గరికి పరుగెత్తావు. విద్వాంసుడివి నీకే అలా తోస్తే, జీవితంలో మొదటిసారి గిటారు ఒళ్ళో పెట్టుకున్న మనిషికి ఏం తోచాలి?

నీ మణికట్టుకు ఏమీ కాలేదు. పలక ఎత్తి పుల్లలు తీసెయ్యి. వదినను అడిగానని చెప్పు. ఆవిడ చేత అనవసరంగా ఖర్చు పెట్టించినట్టయింది ఆ ఎక్స్‌రేలకు, దానికి మాత్రం నేను చింతిస్తున్నాను.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరే నిలబెట్టుకుంటూ,
నీ చెల్లెలు, లౌడ్‌స్పీకర్

తా.క. ఒక నిజం రాయకుండా కవరు అంటించబోయాను. నువ్వు ఎవరి నోటో విని నవ్వేలోపు నేనే చెప్పడం మంచిది. ఇప్పుడు మా ఎర్ర గిటారు తీగలు వేలికి వెన్నలా తగులుతున్నాయి. నర్సు చక్కగా వాయిస్తోంది. డ్రైవరు వాయిస్తుంటే వాళ్ళావిడ వచ్చి కూర్చుంటోంది. నాకు రావడం లేదు. రోజూ సాధన చేస్తున్నాను, పుల్లల్లేవు, అడ్డుపడే నువ్వూ లేవు, అయినా రావడం లేదు. తాళం తప్పుతుంది, వేళ్ళు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. నాన్న అన్నది నిజమే కావచ్చు. ఇది రాసేటప్పుడు ఏడ్చాను, అదీ రాసేస్తున్నాను. కానీ ఆ సంగతి తేల్చుకోవలసింది నేను. మీరిద్దరూ కాదు. బాగా వాయించేవాళ్ళకే గిటారు చేతికివ్వాలన్న చట్టం ఎక్కడా లేదు. కనుక నేను మానను. నా డిమాండ్లు ఇవి:

1. నీ వెనక గదిలో ఉన్న ప్రతి గిటారు పలకా ఎత్తి పుల్లలు తీసెయ్యాలి.

2. గోడ మీదివి ఎవరడిగినా చేతికివ్వాలి, కొనకపోయినా సరే.

3. చెయ్యి లేదన్న మాట నీ కొట్లో వినబడకూడదు.

4. నర్సుకూ డ్రైవరుకూ, తప్పు వాళ్ళ చేతులది కాదని నలుగురి ముందూ నీ నోటితో చెప్పాలి.

5. వచ్చే గురువారం సాయంత్రం మా ఆఫీసుకు రావాలి. వెనక కుర్చీలో కూర్చోవాలి. నేను తప్పులతో వాయిస్తాను. సరిదిద్దకుండా, లేచిపోకుండా, చివరిదాకా వినాలి.