మేకల వంతు

వినుకొండ,
12-2-2001.

అఖిలా, నా బంగారు తల్లీ,

గుంటూరులో లా చదువుతున్నావు కదా. ఇప్పటిదాకా బుర్రకెక్కింది ఏమైనా ఉంటే ఒక తగవు తీర్చు. మా గ్రంథాలయం వాళ్ళు పెట్టిన పులిజూదం పోటీ నిన్న ఆఖరి ఆట దగ్గర చెడింది. చివరికి మిగిలింది నేనూ రెబ్కా. ఒకే బడిలో నేను లెక్కలు చెప్పాను, ఆమె తెలుగు చెప్పింది. అప్పట్లో మధ్యాహ్నం అన్నాలు తినగానే వరండాలో సుద్దతో గీసుకుని ఆడేవాళ్ళం. రిటైరయ్యాక రోజూ సాయంత్రం మన అరుగు మీద ఆడుతున్నాం.

మీ తరానికి ఏదీ గుర్తుండదు కనుక మళ్ళీ చెబుతున్నాను. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీదుగా దూకి దాన్ని తింటుంది. పులులు కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. నిన్న పులులు నావి. రెండింటిని రెబ్కా కట్టేసింది. మూడోదానికి ఒక్కటే దారి మిగిలింది. వంతు ఆమెది. కానీ ఏ మేకను కదిపినా కట్టు తెగిపోతుంది. అప్పుడామె చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఈ ఎత్తు వదిలేశానండీ రత్నం గారూ, మీరాడండి" అంది. అలా వదలనిస్తే నా పులి ఆ ఒక్క దారిలోకే పోవాలి. పోతే అదీ కట్టుబడుతుంది.

"వదలడమేమిటి? అరుగు మీద ఎప్పుడైనా వదిలావా?" అన్నాను.

"కల్లాల్లో ఇట్లాగే ఆడతామండీ. మిరపకాయలు ఎండబోసి కాపలా కూర్చుంటాం కదా. మబ్బు పట్టిందంటే పట్టాలు కప్పడానికి లేస్తాం. లేచినవాళ్ళ వంతు పోతుంది. ఊరికే వదులుకున్నా తప్పేం లేదు."

"ఇది గ్రంథాలయం, మీ కల్లం కాదు. కూలికొచ్చిన వాళ్ళు పొద్దుపుచ్చే ఆట వేరు, ఇది వేరు" అన్నాను. జనం పగలబడి నవ్వారు. రెబ్కా తన చింతగింజలు ఏరుకుని లేచి వెళ్ళిపోయింది. ఓడేవాళ్ళు లేవడం మామూలే.

ఇక కార్యదర్శి త్రినాథ్ సంగతి. "పెద్దవాళ్ళు, సర్దుకుపోండమ్మా. కప్పు చెరో ఆరు నెలలు ఉంచుకోండి" అంటాడు. వాడు బడిలోనూ అంతే. లెక్క రాకపోతే రెండు జవాబులు రాసి, నచ్చింది దిద్దుకోమనేవాడు.

నిబంధనలు రాసింది నేనే. రాసినదాన్ని నేనుండగా వాటికి అర్థం చెప్పడానికి మరొకరెందుకు? అయినా నలుగురి నోళ్ళు మూయించాలి కనుక ఆ కాగితం నకలు పంపుతున్నాను. నీ తీర్పు వస్తే గ్రంథాలయం గోడకు అంటిస్తాను.

మీ అమ్మమ్మ
కోటిరత్నం


వినుకొండ,
20-2-2001.

అఖిలా,

నీ తీర్పు అందింది. గోడకు అంటించలేదు. అంటిస్తే మీ కాలేజీ పరువు పోతుంది.

"ఎత్తు వదలవచ్చని నిబంధనల్లో లేదు కనుక వదలకూడదు. గెలుపు అమ్మమ్మదే" అని రాశావు. ఆట మధ్యలో కళ్ళజోడు తుడుచుకోవచ్చని కూడా ఆ కాగితంలో లేదు. నేను తుడుచుకున్నాను. మరి నన్ను ఓడిస్తావా? వదలకూడదనీ అందులో లేదని నీ కంటికి ఆనలేదా? తీర్పు చెప్పమంటే ముద్దు పెట్టి పంపావు. ఇంతదానికి మీ నాన్న చేత ఫీజు కట్టించడం దండుగ.

నువ్వు చెప్పలేనిది నేను చెబుతాను, రాసుకో. నిబంధనలో సందు వదిలినవాళ్ళు, తగవు వచ్చినప్పుడు ఆ సందులోంచే దూరి గెలవకూడదు. పోటీ ఊరందరికీ పెట్టారు. నేను మాత్రం మా వీధి ఆటే ఆట అనుకుని రాశాను. కల్లంలో ఎలా ఆడతారని ఒక్కరినీ అడగలేదు.

ఇదంతా నాకు ఎప్పుడు తట్టిందో తెలుసా? నీ ఉత్తరం చివర చదివినప్పుడు. నేను రెబ్కాను అన్న మాట హాస్టల్లో అందరికీ చదివి వినిపించానని, భలే నవ్వుకున్నామని రాశావు. నీ గదిలో ఉండే క్రిస్టీనా మాత్రం పళ్ళెం వదిలేసి లేచి వెళ్ళిపోయిందని, ఎందుకో తెలియలేదని కూడా రాశావు. ఎందుకో తెలియలేదా? నాకు తెలిసింది. వెళ్ళి ఆ పిల్లకు క్షమాపణ చెప్పు.

నిన్న రెబ్కా ఇంటికి వెళ్ళాను. కూర్చోమంది గాని తను కూర్చోలేదు.

"గెలుపు నీదే. అది చెప్పి పోదామని వచ్చాను" అన్నాను.

"గెలుపు ఎవరిక్కావాలండీ? ఆ ఆట నాకు నేర్పింది మా అమ్మ. నేర్పింది మీ నాన్నగారి కల్లంలోనే. ఆవిడ కూలికే వచ్చింది, కాదన్లేదు. మీరు నన్నన్నారా, మా అమ్మనన్నారా?"

"అన్నాను. తప్పే."

"అన్నది పదిమందిలో. ఇక్కడ ఎవరున్నారు? నేనూ, ఆ పొయ్యీ. పొయ్యి ముందర చెబితే చాలుతుందా?"

లేచి వచ్చాను. ఇన్నేళ్ళలో ఆమె నన్ను మాటతో కట్టేయడం ఇదే మొదలు. ఆదివారం గ్రంథాలయానికి వెళుతున్నాను. ఆమె వస్తుందో రాదో తెలియదు. సాయంత్రాలు అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుంటే ఎదురింటి వాళ్ళు పలకరిస్తున్నారు. అంతకంటే నరకం లేదు.

అమ్మమ్మ


వినుకొండ,
26-2-2001.

అఖిలా తల్లీ,

క్రిస్టీనా నీతో మాట్లాడుతోందని రాశావు. మాట్లాడటం ఆ పిల్ల మంచితనం, నీ గొప్ప కాదు.

నిన్న గ్రంథాలయం వరండా నిండింది. ఆడవాళ్ళ పోట్లాట చూడటానికి మన ఊళ్ళో జనం కరువా? త్రినాథ్ అడ్డం వచ్చి, "అయిపోయిందేదో అయిపోయింది, ఎందుకమ్మా ఇప్పుడు" అన్నాడు. "నీకు తెలియనివన్నీ అయిపోయినట్టేనా? కూర్చోరా" అన్నాను. కూర్చున్నాడు. రెబ్కా చిట్టచివర, గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

లేచి కొత్త నిబంధన చదివాను. "మేకలవారు కావాలనుకుంటే తమ ఎత్తు వదులుకోవచ్చు. ఇది కల్లాల ఆట పద్ధతి. రెబ్కా గారికి ఆమె తల్లి నేర్పినది. ఆఖరి ఆటలో గెలుపు రెబ్కా గారిది. ఆ రోజు కూలివాళ్ళ ఆట అని నేను అన్నది నీచమైన మాట. ఆ మాటకు నవ్వినవాళ్ళది నాకంటే నీచమైన నవ్వు." చివరి వాక్యం కాగితంలో లేదు. ఆ మొహాలు చూశాక నోటికి వచ్చింది.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి రెబ్కా గొంతు విప్పింది.

"వెనక్కి వినపడలేదండీ రత్నం గారూ. ఇంకాస్త గట్టిగా చదవండి."

ఆమెకు నాకంటే బాగా వినబడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను మొదటి నుంచీ మళ్ళీ చదివాను. బడిలో ఆఖరి బెంచీకి వినిపించేలా చదివాను. చదివి నేను కూర్చున్నాక ఆమె జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

మీ అమ్మమ్మ
కోటిరత్నం